సింగిల్స్ బ్యాడ్మింటన్ నియమాలు: కోర్టు గీతల నుంచి ఆఖరి పాయింట్ దాకా

సింగిల్స్ ఆడుతున్నవాళ్లను మధ్యలో ఆపి, ఇప్పుడు సర్వీస్ కుడి పక్క నుంచా, ఎడమ పక్క నుంచా అని అడిగి చూడండి. స్మాష్ బ్రహ్మాండంగా కొట్టేవాళ్లు కూడా ఒక్క క్షణం తడబడతారు. ఎక్కువమంది ఆట నేర్చుకునేది డబుల్స్‌లో. అక్కడి అలవాట్లు సింగిల్స్‌లోకి అలాగే వచ్చేస్తాయి. ఏ గీత లెక్కలోకి వస్తుంది, ఏ సర్వీస్ బయట పడినట్టు, పాయింట్ పోయాక ఎవరు ఎక్కడికి వెళ్లాలి, ఇలాంటి చోట్లే వాదనలు మొదలై ఆట ఆగిపోతుంది.

నియమాలు పెద్దగా ఏమీ లేవు. వాటిలో చాలా వరకు స్కోరుతోనే ముడిపడి ఉన్నాయి. సర్వీస్ ఎవరిది, ఏ పక్క నుంచి చేయాలి, ఎప్పుడు విరామం, ఎప్పుడు వైపులు మారాలి, ఇవన్నీ స్కోరు చూస్తే తెలిసిపోతాయి. అందుకే ప్రతి సర్వీస్‌కు ముందు స్కోరు పైకి చెప్పడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోమని నా సలహా. ఈ మార్గదర్శి అంతా మ్యాచ్ జరిగే వరుసలోనే ఉంటుంది కాబట్టి, చదువుతూ కోర్టులో నిలబడి ఒక్కో మెట్టూ సరిచూసుకోవచ్చు.

మొదటి మెట్టు: మీ కోర్టు ఏదో గుర్తుపట్టడం

బ్యాడ్మింటన్ కోర్టు మీద గీతలు సింగిల్స్‌కు, డబుల్స్‌కు కలిపే గీస్తారు. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. కోర్టు మొత్తం పొడవు 13.40 మీటర్లు. డబుల్స్‌కు వెడల్పు 6.10 మీటర్లు, సింగిల్స్‌కు 5.18 మీటర్లు. పక్కల రెండేసి గీతలు పక్కపక్కనే కనిపిస్తాయి కదా, వాటిలో లోపలి గీత సింగిల్స్‌ది. ఆ రెండింటి మధ్య ఉన్న 46 సెంటీమీటర్ల పట్టీలో షటిల్ పడితే సింగిల్స్‌లో అది బయట పడినట్టే.

వెనక వైపు కూడా రెండు గీతలు ఉంటాయి. అన్నిటికంటే చివర ఉన్నది వెనక హద్దు. దానికి 76 సెంటీమీటర్లు లోపల ఉన్నది డబుల్స్ సర్వీస్ కోసం గీసినది. సింగిల్స్‌లో ఈ లోపలి గీతతో మీకు ఏ పనీ లేదు. సర్వీస్‌లో గానీ ర్యాలీలో (సర్వీస్ నుంచి పాయింట్ తేలే దాకా సాగే ఆటలో) గానీ చివరి గీత దాకా కోర్టు మీదే. డబుల్స్‌కు అలవాటుపడినవాళ్లు లోతుగా వచ్చిన సర్వీస్‌ను "అవుట్" అని వదిలేసి పాయింట్ పోగొట్టుకోవడం తరచూ చూస్తుంటాం.

ఒక్క మాటలో చెప్పాలంటే పక్కలకు లోపలి గీత, వెనక బయటి గీత. సింగిల్స్ కోర్టు పొడవుగా, సన్నగా ఉంటుంది.

నెట్‌కు 1.98 మీటర్ల దూరంలో అడ్డంగా ఉన్నది షార్ట్ సర్వీస్ గీత. అక్కడి నుంచి వెనక హద్దు దాకా వెళ్లే మధ్య గీత కోర్టును కుడి, ఎడమ సర్వీస్ కోర్టులుగా విడదీస్తుంది. అంటే సింగిల్స్‌లో ఒక్కో సర్వీస్ కోర్టు దాదాపు 4.7 మీటర్ల పొడవు, 2.6 మీటర్ల వెడల్పు ఉంటుంది. కుడి, ఎడమ అనేవి ఎప్పుడూ నెట్ వైపు తిరిగి నిలబడిన ఆటగాడి కుడి, ఎడమలే.

గీతల మందం 4 సెంటీమీటర్లు. ఆ మందం కూడా కోర్టులో భాగమే. గీత అంచుకు షటిల్ తగిలినా లోపల పడినట్టే లెక్క. చూడాల్సింది షటిల్ నేలను మొదట తాకిన చోటు. ఆ తర్వాత అది జారి, దొర్లి ఎక్కడ ఆగిందన్నది అనవసరం.

నెట్ ఎత్తు మధ్యలో 1.524 మీటర్లు, స్తంభాల దగ్గర 1.55 మీటర్లు. సింగిల్స్ ఆడుతున్నా స్తంభాలు డబుల్స్ గీతల మీదే ఉంటాయి, లోపలికి జరపక్కర్లేదు. ఆట మొదలుపెట్టే ముందు నెట్ మధ్యలో ఒకసారి కొలవండి. వదులుగా కట్టిన నెట్ మధ్యలో కిందికి వేలాడుతుంది. అప్పుడు సర్వీస్ దగ్గర నుంచి స్మాష్ దాకా అన్ని అంచనాలూ తప్పుతాయి. నెట్‌కు, స్తంభానికి మధ్య సందు కూడా ఉండకూడదు.

రెండో మెట్టు: షటిల్ సరిగ్గా ఎగురుతోందా?

రాకెట్ గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. ఫ్రేమ్ పొడవు 68 సెంటీమీటర్లు, వెడల్పు 23 సెంటీమీటర్లు మించకూడదన్నది నియమం. మామూలుగా అమ్మే రాకెట్లన్నీ ఈ కొలతల్లోనే ఉంటాయి.

షటిల్ సంగతి వేరు. ఈకల షటిల్‌కు 16 ఈకలు ఉంటాయి, బరువు 4.74 నుంచి 5.50 గ్రాముల మధ్య ఉండాలి. ప్లాస్టిక్ షటిల్ కూడా నియమాల ప్రకారం చెల్లుతుంది. అయితే ఏ షటిల్ అయినా వేగం పరీక్షించాకే ఆట మొదలుపెట్టాలి. వేడిగా ఉన్న చోట, సముద్ర మట్టానికి ఎత్తున ఉన్న చోట షటిల్ ఎక్కువ దూరం పోతుంది. చలిలో త్వరగా పడిపోతుంది.

పరీక్ష చేయడం తేలిక. వెనక హద్దు గీత దగ్గర నిలబడి, షటిల్‌ను గీత మీదుగా పట్టుకుని, కింది నుంచి పైకి పూర్తి బలంతో, పక్క గీతలకు సమాంతరంగా కొట్టండి. అవతలి వెనక గీతకు 53 సెంటీమీటర్ల నుంచి 99 సెంటీమీటర్ల లోపు ఇవతలగా పడితే ఆ షటిల్ వేగం సరైనదే. కొన్ని కోర్టుల్లో దీనికోసమే వెనక భాగంలో చిన్న గుర్తులు గీసి ఉంటాయి. ఇద్దరూ చెరో వైపు నుంచి కొట్టి చూస్తే గాలి ప్రభావం కూడా తెలుస్తుంది. ఆట మధ్యలో ఈకలు విరిగితే షటిల్ మార్చుకోవచ్చు. కానీ ఎవరికి వారు మార్చేయడం కుదరదు, అంపైర్ ఉంటే ఆయన అనుమతి, లేకపోతే ఎదుటివారి ఒప్పుదల కావాలి. కావాలని ఈకలు వంచి వేగం మార్చడం తప్పు.

మూడో మెట్టు: టాస్

టాస్ గెలిచినవారు రెండింటిలో ఒకటి కోరుకోవచ్చు: ముందు సర్వ్ చేయాలా, తీసుకోవాలా అన్నది ఒకటి, కోర్టులో ఏ వైపు ఆడాలన్నది రెండోది. మిగిలిన దాన్ని ఓడినవారు తేల్చుకుంటారు. నాణెం లేకపోతే నెట్ దగ్గర షటిల్‌ను పైకి ఎగరేసి కింద పడనిస్తారు. కార్క్, అంటే ఈకలు గుచ్చిన గుండ్రటి మొన, ఎవరి వైపు చూపిస్తే టాస్ వారిది.

ఏది కోరుకోవాలి? సర్వీస్ ఎవరిదైనా ప్రతి ర్యాలీకీ పాయింట్ వస్తుంది కాబట్టి ముందు సర్వ్ చేయడం వల్ల పెద్ద లాభం లేదు. నా లెక్కలో వైపు ఎంచుకోవడమే తెలివైన పని. ఒక వైపు లైట్లు కళ్లలో పడుతున్నా, ఎదురుగాలి ఇబ్బంది పెడుతున్నా, ఆ కష్టమైన వైపునే ముందుగా తీసుకోవచ్చు. మ్యాచ్‌లో మూడు గేమ్‌ల దాకా ఉంటాయి, ఒక్కో గేమ్ అయ్యాక వైపులు మారతారు. మొదటి గేమ్ అక్కడ, రెండోది మంచి వైపు. మ్యాచ్ మూడో గేమ్‌కు వెళితే మళ్లీ కష్టమైన వైపు మొదలుపెట్టి, ఒకరి స్కోరు 11కు చేరగానే మంచి వైపుకు మారతారు. మ్యాచ్ తేలిపోయే ఆఖరి పాయింట్లు మీకు అనుకూలమైన చోట ఆడొచ్చన్నమాట.

నాలుగో మెట్టు: ఏ పక్క నుంచి సర్వ్ చేయాలి?

సింగిల్స్ నేర్చుకునేవాళ్లు ముందు గట్టిగా పట్టుకోవాల్సింది ఇదే. సర్వ్ చేసేవారి స్కోరు సున్నా గానీ సరి సంఖ్య గానీ అయితే కుడి సర్వీస్ కోర్టు నుంచి, బేసి సంఖ్య అయితే ఎడమ సర్వీస్ కోర్టు నుంచి సర్వ్ చేయాలి. చూడాల్సింది సర్వ్ చేసేవారి స్కోరు ఒక్కటే. అవతలివారి స్కోరు ఎంతైనా దానితో సంబంధం లేదు.

సర్వీస్ తీసుకునేవారు క్రాస్‌గా ఎదురుగా ఉన్న సర్వీస్ కోర్టులో నిలబడాలి. ఎదుటివారు వాళ్ల కుడి పక్కన నిలబడితే మీరు మీ కుడి పక్కన, వాళ్లు ఎడమ పక్కన ఉంటే మీరూ మీ ఎడమ పక్కన. ఇంతకు మించి గుర్తుపెట్టుకోవాల్సింది లేదు.

ఒక గేమ్ మొదట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మొదటి సర్వీస్ మీది, స్కోరు 0-0. సున్నా కాబట్టి కుడి నుంచి సర్వ్ చేశారు. ర్యాలీ గెలిచారు. ఇప్పుడు 1-0. మీ స్కోరు బేసి, ఎడమకు మారి మళ్లీ మీరే సర్వ్ చేస్తారు. మళ్లీ గెలిచారు, 2-0, తిరిగి కుడికి వచ్చారు. ఈసారి ర్యాలీ ఎదుటివారు గెలిచారు. పాయింటూ వారిదే, సర్వీసూ వారిదే. వారి స్కోరు 1, అంటే బేసి. కాబట్టి వారు తమ ఎడమ పక్క నుంచి సర్వ్ చేస్తారు, మీరు మీ ఎడమ పక్కన నిలబడి తీసుకుంటారు. ఆ ర్యాలీ మీరు గెలిస్తే మీకు 3, వారికి 1. సర్వీస్ మళ్లీ మీకు వచ్చింది. మీ స్కోరు 3 కాబట్టి ఎడమ నుంచి మొదలుపెట్టాలి.

సర్వీస్ తిరిగి వచ్చినప్పుడల్లా కుడి నుంచే మొదలుపెట్టాలని చాలామంది అనుకుంటారు. అలాంటి నియమం లేదు. కొత్త పాయింట్ కలిపాక మీ స్కోరు ఎంతో చూసుకోండి, అది సరి అయితే కుడి, బేసి అయితే ఎడమ.

పొరపాటున తప్పు పక్క నుంచి సర్వ్ చేసి పాయింట్ ఆడేస్తే ఏమవుతుంది? ఆ పాయింట్ రద్దు కాదు. తప్పు గుర్తించగానే పక్క సరిచేసుకుని, ఉన్న స్కోరుతోనే ముందుకు వెళ్లాలి.

అయిదో మెట్టు: సర్వీస్

సర్వ్ చేసేవారిని నియమాలు బాగా కట్టడి చేస్తాయి. ర్యాలీలో తలపైనుంచి ఎంత బలంగానైనా కొట్టొచ్చు గానీ, సర్వీస్‌లో మాత్రం షటిల్ రాకెట్ నుంచి పైకి లేస్తూ వెళ్లి నెట్ దాటాలి. మొదటి దెబ్బతోనే పాయింట్ అయిపోకుండా, ర్యాలీ నడవాలనే ఈ ఏర్పాటు.

పాదాల నుంచి మొదలుపెడదాం. మీ రెండు పాదాలూ మీ సర్వీస్ కోర్టు లోపలే ఉండాలి, ఏ గీతనూ తొక్కకూడదు. సర్వీస్ మొదలైనప్పటి నుంచి రాకెట్ షటిల్‌కు తగిలే దాకా రెండు పాదాల్లోనూ కొంత భాగం నేలకు ఆని, కదలకుండా ఉండాలి. మడమ లేవొచ్చు. పాదం మొత్తం లేపడం, జరపడం, అడుగు వేస్తూ సర్వ్ చేయడం ఫాల్ట్, అంటే పాయింట్ ఎదుటివారికి పోయే తప్పు. నడుచుకుంటూ వచ్చి అదే ఊపులో సర్వ్ చేసే అలవాటు ఉంటే ఇప్పుడే మానుకోవాలి.

తర్వాత ఎత్తు. అంతర్జాతీయ పోటీల్లో 2018 నుంచి ఒకే కొలత పాటిస్తున్నారు. రాకెట్ తగిలే క్షణంలో షటిల్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల కంటే కింద ఉండాలి. అంతకుముందు సర్వ్ చేసేవారి నడుము కంటే కింద ఉండాలనేవారు. నడుము అంటే పక్కటెముకల్లో అన్నిటికంటే కింది ఎముక ఉండే చోటు. పొడవైనవారికి, పొట్టివారికి హద్దు వేరువేరుగా ఉండటంతో అందరికీ ఒకే ఎత్తు పెట్టారు. సాధన చేసే చోట నెట్ స్తంభం మీద 1.15 మీటర్ల దగ్గర ఒక టేప్ అతికించుకుంటే కంటికి అంచనా వస్తుంది. బొడ్డు కంటే కిందనే షటిల్‌ను కొట్టడం అలవాటు చేసుకుంటే, మరీ పొడవైనవారు తప్ప ఎవరికీ ఎత్తు గురించి టెన్షన్ ఉండదు.

రాకెట్ ముందుగా తగలాల్సింది షటిల్ కార్క్‌కు. ఈకలకు ముందు తగిలితే షటిల్ గిలగిలా తిరుగుతూ వెళుతుంది, తీసుకునేవారికి అంచనా దొరకదు. అందుకే అది ఫాల్ట్. షటిల్‌ను వదిలేటప్పుడు వేళ్లతో తిప్పి వదిలే సర్వీస్ కొంతకాలం కలకలం రేపింది. దాన్ని 2023లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య నిషేధించింది. షటిల్‌ను ఏ తిప్పుడూ లేకుండా వదలాలి.

ఇక ఊపు. ఇద్దరూ సిద్ధంగా ఉన్నాక రాకెట్ తల మొదటిసారి ముందుకు కదలడంతో సర్వీస్ మొదలైనట్టు. అక్కడి నుంచి షటిల్‌కు తగిలే వరకు ఆ కదలిక ఆగకుండా సాగాలి. ముందుకు తెచ్చి, ఆపి, ఎదుటివారిని కదిలించి, మళ్లీ కొట్టడం కుదరదు. అలాగని సిద్ధమయ్యాక అదేపనిగా నిలబడి సాగదీయడం కూడా తప్పే. రాకెట్ ఊపారు గానీ షటిల్‌కు తగల్లేదంటే ఫాల్ట్, పాయింట్ పోయినట్టే. రాకెట్ ముందుకు కదలకముందే షటిల్ చేతి నుంచి జారిపడితే మాత్రం సర్వీస్ మొదలు కానట్టే. తీసుకుని మళ్లీ చేయొచ్చు.

షటిల్ ఎక్కడ పడాలంటే క్రాస్‌గా ఎదురుగా ఉన్న సర్వీస్ కోర్టులో. షార్ట్ సర్వీస్ గీత మీద పడినా సరే, వెనక హద్దు గీత మీద పడినా సరే. టెన్నిస్‌లో లాగా రెండో అవకాశం ఉండదు. ఒక్క సర్వీస్, అది తప్పితే పాయింట్ అవతలికే. నెట్ అంచుకు రాసుకుని అవతల సరైన కోర్టులో పడిన సర్వీస్ చెల్లుతుంది, ఆట ఆగదు. దాన్ని మళ్లీ చేయమని అడగకండి. సర్వీస్‌లో షటిల్ నెట్ పైన చిక్కుకుని ఉండిపోయినా, అవతలికి దాటి నెట్‌లో ఇరుక్కున్నా అది ఫాల్ట్.

సర్వ్ తీసుకునేవారికీ కొన్ని బాధ్యతలు ఉన్నాయి. ఎదుటివారి రాకెట్ షటిల్‌కు తగిలే దాకా వారి పాదాలు కూడా తమ సర్వీస్ కోర్టులోనే, గీతలు తొక్కకుండా, కదలకుండా ఉండాలి. ముందే దూకితే పాయింట్ పోతుంది. సిద్ధంగా లేనప్పుడు సర్వీస్ వస్తే దాని జోలికి వెళ్లకుండా వదిలేసి, సిద్ధంగా లేనని వెంటనే చెప్పాలి. ఆడటానికి ప్రయత్నించారా, సిద్ధంగా ఉన్నట్టే లెక్క. షటిల్ నెట్‌కు తగిలాక "నేను రెడీగా లేను" అంటే చెల్లదు. అలాగే బయట పడబోయే సర్వీస్‌ను మీరు కొట్టేస్తే ఆట నడుస్తున్నట్టే, తర్వాత అది అవుట్ అని వాదించలేరు.

సర్వీస్ చేతికి లొంగాలంటే మొదట రెండు రకాలు చాలు. ఒకటి షార్ట్ సర్వీస్ గీతకు కాస్త అవతల, నెట్‌కు వీలైనంత దగ్గరగా పోయేది. రెండోది ఎత్తుగా లేచి వెనక గీత దగ్గర నిట్టనిలువుగా పడేది. ఈ రెండోది సింగిల్స్‌కే ప్రత్యేకం. డబుల్స్‌లో వెనక ఉన్న 76 సెంటీమీటర్లు సర్వీస్‌కు పనికిరావు, ఇక్కడ పనికొస్తాయి. షార్ట్ సర్వీస్ గీతకు దాదాపు ఒక మీటరు వెనక, మధ్య గీతకు దగ్గరగా నిలబడి సర్వ్ చేస్తే, తిరిగి వచ్చే షాట్‌కు కోర్టు నలుమూలలకూ వెళ్లడం సులువవుతుంది.

ఆరో మెట్టు: ర్యాలీలో ఏది తప్పు?

సర్వీస్ తిరిగి వచ్చిందంటే సర్వీస్ కోర్టుల లెక్క అక్కడితో సరి. ఇద్దరూ తమ వైపు ఎక్కడికైనా వెళ్లొచ్చు, ఎదుటి సగంలో ఎక్కడికైనా కొట్టొచ్చు. మధ్య గీత, షార్ట్ సర్వీస్ గీత ఉన్నా లేనట్టే. ఒక్కొక్కరూ ఒక్క దెబ్బతో షటిల్‌ను అవతలికి పంపాలి.

షటిల్ హద్దుల బయట పడినా, నెట్ దాటకపోయినా, నెట్ సందుల్లోంచి గానీ కింద నుంచి గానీ వెళ్లినా కొట్టినవారిది తప్పు. పైకప్పుకు, పక్క గోడలకు తగిలినా అంతే. కప్పు మరీ తక్కువ ఎత్తులో ఉన్న హాల్లో నిర్వాహకులు దీనికి ప్రత్యేక నియమం పెట్టుకోవచ్చు కాబట్టి ఆటకు ముందే కనుక్కోండి.

ఎక్కువ తగాదాలు వచ్చేది ఒంటికి తగలడం దగ్గర. షటిల్ మీ శరీరానికి గానీ బట్టలకు గానీ తగిలితే పాయింట్ ఎదుటివారిదే. అది బయటకు పోతున్నా, మీరు కోర్టు బయట నిలబడి ఉన్నా ఇదే వర్తిస్తుంది. బయట పడుతుందన్న నమ్మకంతో గాల్లోనే చేత్తో పట్టుకున్నా పాయింట్ పోతుంది. కాబట్టి వదిలేయాలనుకుంటే పక్కకు తప్పుకుని, పూర్తిగా నేల మీద పడనివ్వండి.

రాకెట్ సంగతికి వస్తే, తీగలకు తగలకుండా ఫ్రేమ్‌కు తగిలి వెళ్లిన షాట్ చెల్లుతుంది. ఒకే ఊపులో ఫ్రేమ్‌కు, తీగలకు రెండింటికీ తగిలినా పరవాలేదు. వేరువేరుగా రెండుసార్లు కొట్టడం, షటిల్‌ను రాకెట్ మీద నిలిపి విసిరినట్టు పంపడం తప్పు. మీ రాకెట్ అంచుకు కాస్త తగిలి షటిల్ వెనక్కి వెళ్లిపోయి బయట పడితే, తగిలింది కాబట్టి పాయింట్ అవతలివారిది. ఎంత సన్నగా తగిలినా అంతే.

నెట్ దగ్గర మూడు విషయాలు చూసుకోవాలి. ఆట నడుస్తుండగా రాకెట్ గానీ, ఒళ్లు గానీ, బట్టలు గానీ నెట్‌కు, స్తంభాలకు తగిలితే ఫాల్ట్. ఇక్కడ ముఖ్యమైంది సమయం. షటిల్ అప్పటికే నేలను తాకి ఉంటే ర్యాలీ అయిపోయినట్టు, ఆ తర్వాత మీరు నెట్ మీద పడినా పాయింట్ మారదు. రెండోది, షటిల్ ఇంకా అవతలి వైపు ఉండగానే రాకెట్‌ను నెట్ మీదుగా చాచి కొట్టకూడదు. మీ వైపుకు వచ్చాక కొట్టి, ఆ ఊపులో రాకెట్ నెట్ దాటి అవతలికి వెళ్లినా తప్పు లేదు, నెట్‌కు తగలకపోతే చాలు. మూడోది, నెట్‌కు బాగా దగ్గరగా ఎదుటివారు కొట్టబోతుంటే మీ రాకెట్‌ను అడ్డంగా పెట్టి వారి ఊపును ఆపకూడదు. మీ మొహాన్ని కాపాడుకోవడానికి రాకెట్ ఎత్తుకోవచ్చు గానీ, వారు కొట్టడానికి అడ్డు రాకూడదు.

నెట్ కింద నుంచి పాదం జారి అవతలికి వెళ్లినంత మాత్రాన ఫాల్ట్ అవదు. ఎదుటివారి ఆటకు అడ్డు తగిలినా, వారి ధ్యాస చెదిరినా ఫాల్ట్ అవుతుంది. కావాలని అరవడం, చేతులు ఊపి దృష్టి మళ్లించడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

ఏడో మెట్టు: స్కోరు, విరామాలు, వైపులు మారడం

మ్యాచ్ మూడు గేమ్‌లది, రెండు గెలిచినవారు విజేత. 2006 నుంచి వాడుకలో ఉన్న పద్ధతిలో ప్రతి గేమ్ 21 పాయింట్లకు సాగుతుంది. సర్వీస్ ఎవరిదైనా ర్యాలీ గెలిచినవారికి పాయింట్ వస్తుంది, తర్వాతి సర్వీస్ కూడా వారిదే. అంతకుముందు సర్వ్ చేసినవారికే పాయింట్ వచ్చేది. పురుషుల సింగిల్స్ 15కు, మహిళల సింగిల్స్ 11కు ఆడేవారు. పాతకాలం నుంచి ఆడుతున్నవారు ఇప్పటికీ ఆ లెక్క చెబుతుంటారు, వారితో ఆడేటప్పుడు ఏ పద్ధతో ముందే మాట్లాడుకోండి.

స్కోరు 20-20 అయితే రెండు పాయింట్ల ఆధిక్యం వచ్చే దాకా ఆడాలి. 22-20, 23-21, అలా. ఇది ఎంతవరకు సాగుతుంది? 29-29 దాకా. అక్కడ మాత్రం 30వ పాయింట్ ఎవరు సాధిస్తే గేమ్ వారిది. 2017 ప్రపంచ చాంపియన్‌షిప్ మహిళల సింగిల్స్ ఫైనల్ ఈ నియమాన్ని అర్థం చేసుకోవడానికి చక్కటి ఉదాహరణ. నొజోమి ఒకుహారా, పి.వి. సింధు మధ్య 110 నిమిషాలు సాగిన ఆ మ్యాచ్‌లో స్కోరు 21-19, 20-22, 22-20. మొదటి గేమ్ 21తోనే తేలింది. తర్వాతి రెండూ 20-20కి చేరడంతో 22 దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ రెండు పాయింట్ల తేడా నియమం లేకపోతే రెండో గేమ్‌లో, మూడో గేమ్‌లో 21 దగ్గరే ఆట ఆగిపోయేది.

స్కోరు చెప్పేటప్పుడు సర్వ్ చేసేవారి స్కోరు ముందు చెప్పాలి. మొదట్లో "లవ్ ఆల్" అంటారు, అంటే ఇద్దరికీ సున్నా. సర్వీస్ చేతులు మారితే సంఖ్యల వరుస కూడా తిరగబడుతుంది. మీకు 7, వారికి 5 ఉండగా వారు పాయింట్ గెలిచి సర్వీస్ తీసుకుంటే "ఆరు-ఏడు" అనాలి. ముందు చెప్పిన ఆరు సరి సంఖ్య, కాబట్టి సర్వీస్ కుడి నుంచి. స్కోరు పైకి చెబితే ఎక్కడ నిలబడాలో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

ఎవరి స్కోరైనా మొదట 11కు చేరగానే 60 సెకన్ల లోపు విరామం ఉంటుంది. గేమ్‌కు, గేమ్‌కు మధ్య 120 సెకన్ల దాకా. మిగతా సమయంలో ఊపిరి తీసుకోవడానికి, సలహాలు తెచ్చుకోవడానికి ఆట ఆపడం కుదరదు. చెమట తుడుచుకోవడానికైనా, నీళ్లకైనా అంపైర్‌ను అడగాలి.

ప్రతి గేమ్ అయ్యాక వైపులు మారాలి. మూడో గేమ్ జరిగితే అందులో ఒకరు 11కు చేరగానే మళ్లీ మారాలి. గేమ్ గెలిచినవారే తర్వాతి గేమ్‌లో ముందు సర్వ్ చేస్తారు. స్కోరు సున్నా కాబట్టి కుడి నుంచే.

ఎనిమిదో మెట్టు: లెట్ ఎప్పుడు?

లెట్ అంటే ఆ ర్యాలీ జరగనట్టే. పాయింట్ ఎవరికీ రాదు, ఆఖరున సర్వ్ చేసినవారే మళ్లీ చేస్తారు. సర్వీస్ తిరిగి వచ్చాక, ర్యాలీలో షటిల్ నెట్ మీద చిక్కుకుని ఉండిపోయినా, దాటాక నెట్‌లో ఇరుక్కున్నా లెట్. సర్వీస్‌లో ఇదే జరిగితే ఫాల్ట్ అని పైన చెప్పుకున్నాం, ఈ తేడా గుర్తుంచుకోవాలి. తీసుకునేవారు సిద్ధంగా లేకముందే సర్వ్ చేసినా, సర్వీస్ సమయంలో ఇద్దరూ ఒకేసారి ఫాల్ట్ చేసినా లెట్ ఇస్తారు.

ఆట మధ్యలో కార్క్ ఈకల నుంచి పూర్తిగా ఊడిపోతే లెట్. ఒకటి రెండు ఈకలు విరిగి ఎగిరిపోతే మాత్రం ర్యాలీ ఆగదు, పూర్తయ్యే దాకా ఆడాల్సిందే.

పక్కపక్కనే కోర్టులు ఉన్న హాళ్లలో పక్కవారి షటిల్ మీ కోర్టులోకి వచ్చి పడుతుంటుంది. అలాంటి అనుకోని అంతరాయానికి కూడా లెట్ ఉంది. అయితే ఆ క్షణంలోనే చెయ్యెత్తి గట్టిగా "లెట్" అనాలి. ర్యాలీ ఆడి, ఓడిపోయాక గుర్తుచేయడం న్యాయం కాదు.

అంపైర్ లేనప్పుడు

రోజువారీ ఆటలో అంపైర్ ఉండరు, లైన్ చూసేవారూ ఉండరు. అప్పుడు పాటించే పద్ధతి ఏమిటంటే, షటిల్ ఎవరి వైపు పడితే లోపలా, బయటా అన్నది వారే చెబుతారు. పడగానే చెప్పాలి, స్పష్టంగా చెప్పాలి. కచ్చితంగా బయట పడిందని చూడలేకపోతే లోపల పడినట్టే తీసుకుని ఎదుటివారికి పాయింట్ ఇవ్వడం మర్యాద. కొట్టినవారు అవతలి వైపు నుంచి చూసి "లోపలే పడింది" అని పట్టుబట్టడం సరికాదు. నెట్ మీదుగా, దూరం నుంచి, కదులుతూ చూసిన చూపు గీత దగ్గర నిలబడినవారి చూపు కంటే నమ్మదగినది కాదు.

షటిల్ మీ జుట్టుకో, చొక్కాకో, రాకెట్ అంచుకో తగిలిందని తెలిసేది ఎక్కువసార్లు మీకొక్కరికే. నెట్‌కు తగలడమూ అంతే. అడగకముందే మీరే చెప్పేయండి. ఈ ఒక్క పద్ధతి ఇద్దరూ పాటిస్తే సింగిల్స్ ఎంతసేపైనా హాయిగా ఆడుకోవచ్చు.

స్కోరు మీద తేడా వస్తే, ఇద్దరికీ గుర్తున్న చివరి స్కోరు దాకా వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి ర్యాలీలను ఒక్కొక్కటే గుర్తుచేసుకోండి. ఆఖరి సర్వీస్ ఏ పక్క నుంచి చేశారో జ్ఞాపకం ఉంటే, ఆ స్కోరు సరా, బేసా అన్నది అప్పుడే తేలిపోతుంది.

మూడో గేమ్‌లో 11 దగ్గర వైపులు మారడం మరిచిపోవడం తరచూ జరిగేదే. 14-12 దగ్గర గుర్తొచ్చిందనుకుందాం. నడుస్తున్న ర్యాలీని మధ్యలో ఆపకూడదు. అది ముగిశాక వైపులు మారి, ఉన్న స్కోరుతోనే ఆట కొనసాగించాలి. అప్పటిదాకా వచ్చిన పాయింట్లన్నీ చెల్లుతాయి.